బాల్కనీ లెక్క

సాయంత్రం సైకిలు బెల్లు వినిపించగానే రెండో అంతస్తులో ట్యూషన్ ఆగిపోయేది. లెక్కలమ్మ సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, బాల్కనీలోకి వెళ్ళి రెయిలింగు మీంచి రెండు చేతులూ చాపి నిలబడేది. కింద సిమెంటు ఆవరణలో ఆవిడ భర్త సైకిలుకి స్టాండు వేసి, సంచీ విప్పి, ఒక్కొక్క వస్తువే పైకి విసిరేవాడు. గుడ్డలో మూటగట్టిన టమాటాలు, సబ్బు బిళ్ళ, తల్లి మందుల డబ్బా, తాళాల గుత్తి. ఒక్కొక్కటీ లెక్కలమ్మ చేతుల దాకా వచ్చి, అక్కడెవరో పీట వేసినట్టు ఓ క్షణం కూర్చునేది. ఆవిడ తాపీగా తీసుకుని లోపల పెట్టేది. కోడిగుడ్లు మాత్రం ఆయన ఎప్పుడూ విసిరేవాడు కాదు. ఆ విషయంలో ఆయనకొక చేదు అనుభవం ఉంది.

వీధిలో జనం దీన్ని సర్కస్ అనేవాళ్ళు. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు, పక్క మేడవాళ్ళు కూడా కిటికీల్లోకి వచ్చి చూసి, బాగోగులు చర్చించుకునేవాళ్ళు. నిజానికి ఇందులో సరదా ఏమీ లేదు. ఆయన ప్లంబరు. సింకుల కిందా, తొట్ల వెనకా, పిల్లి కూడా పట్టని మూలల్లో ఏళ్ళ తరబడి గొంతుక్కూర్చుని పైపులు బిగించి బిగించి మోకాళ్ళు అరగ్గొట్టుకున్నాడు. ఆ మేడకి లిఫ్టు లేదు. మెట్లెక్కాలంటే రెండు చేతులా రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టునీ బతిమాలుకుంటూ ఎక్కాలి. చేతిలో సంచీ ఉంటే ఆ బతిమాలడం కుదరదు. అందుకని ముందు సామాను పైకి వెళ్ళేది, వెనకాల మనిషి వెళ్ళేవాడు. ఆవిడ సామాను సర్దేసరికి ఆయన ఆయాసపడుతూ గుమ్మంలో ఉండేవాడు.

మొదట్లో ఈ ఏర్పాటు అంత సాఫీగా సాగలేదు. బాల్కనీలో అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చునేది. కొడుకు విసిరినవి కొన్ని రెయిలింగుకి తగిలి కింద పడేవి, కొన్ని ఆవిడ నెత్తి మీదుగా ఇంట్లోకి దూసుకెళ్ళేవి. ఓ రోజు ఒక మూట సరిగ్గా ఆవిడ తల మీదే దిగింది. అందులో ఉన్నవి గుడ్లు. ఆవిడ జుట్టు తుడుచుకుంటూ, కోప్పడకుండా, "ఆరు నెలలు సాము చేసి మూలనున్న ముసలమ్మని కొట్టాడని వినడమే. ఆ ముసలమ్మ నేనేనని ఇవాళ తెలిసింది," అంది. ఆ పూటే కుర్చీ లోపలికి మారింది. కొడుకు చెయ్యి మాత్రం క్రమంగా కుదిరింది. ఎంత కుదిరిందంటే, కొన్నేళ్ళకి పైకి చూడకుండా పక్కింటాయనతో కబుర్లాడుతూ విసిరినా సబ్బు బిళ్ళ వచ్చి లెక్కలమ్మ చేతుల దగ్గరే ఆగేది.

లెక్కలమ్మ దగ్గర చదువుకున్నవాళ్ళందరికీ కలనగణితం, అంటే కాలిక్యులస్, మొదలైంది ఆ బాల్కనీలోనే. పైకి విసిరిన వస్తువు ఎత్తు క్షణక్షణానికీ మారుతుంది. ఆ ఎత్తుని కాలంతో అవకలనం చేస్తే, అంటే ఏ క్షణంలో ఎంత జోరుగా మారుతోందో లెక్కగడితే, వేగం వస్తుంది. వేగాన్ని ఇంకోసారి అవకలనం చేస్తే త్వరణం వస్తుంది. పుస్తకంలో ఇది రెండు లైన్ల వ్యవహారం. ఆ రెండు లైన్ల దగ్గరే చాలామంది బోర్లా పడతారని ఆవిడకి తెలుసు. అందుకని పుస్తకం మూయించి, అందర్నీ బాల్కనీలో నిలబెట్టి, కింది నుంచి వస్తువు వస్తుంటే ఎక్కడ జోరుగా ఉంది, ఎక్కడ నెమ్మదించింది, ఎక్కడ ఆగింది అని అడిగేది. వాళ్ళు చెప్పేవాళ్ళు. సరే, ఆగినచోట వేగం సున్నా, మరి త్వరణమెంత అని అడిగేది. ప్రతి ఏడూ ప్రతి జట్టూ ఏకకంఠంతో అదీ సున్నాయే అనేది. ఆవిడ ఎదురుచూసేది ఆ జవాబు కోసమే. "అయితే నేను చేతులు తీసేస్తాను. అక్కడే ఉంటుందేమో చూద్దాం," అనేది.

చేతులు తీసేసేది. తరవాతి సబ్బు బిళ్ళ పైకొచ్చి, ఓ క్షణం ఆగి, ఎవరూ తీసుకోకపోవడంతో వచ్చినదారినే పోయి ఆవరణలో పడేది. ఇవాళ పాఠం ఉందని ముందే చెప్పొచ్చు కదా అని కింది నుంచి ఆయన గొణిగేవాడు. పైన లెక్కలమ్మ ఆగింది వేగమేననీ, భూమి లాగడం ఎక్కడా ఆగలేదనీ, రెండోసారి అవకలనం చేస్తే వచ్చేది ఆ లాగుడేననీ చెప్పేది. ఆ తరవాత తాడు కిందికి వదిలి, ఆయన చెయ్యి దగ్గర్నుంచి తన చెయ్యి దాకా కొలిపించేది. ఎనిమిదింబావు మీటర్లు వచ్చేది. అంత ఎత్తున ఆగాలంటే ఎంత వేగంతో బయల్దేరాలో లెక్క కట్టించేది. నలిగిపోయిన సబ్బుతో ఆ వారమంతా ఇంటిల్లిపాదీ స్నానం చేసేవాళ్ళు.

ఆయనకి ఈ అవకలనం ఒక్క ముక్క బోధపడలేదు. అయినా మోకాళ్ళకి మందు రాసుకుంటూ గుమ్మంలో కూర్చుని ప్రతి పాఠమూ వినేవాడు. వాళ్ళావిడ గొంతు ఆ సమయంలో ఖంగుమని మోగేది, అందుకని వినేవాడు. ఆ గొంతు గడప దాటితే ఏమవుతుందో కూడా ఆయనకి తెలుసు.

ఇంట్లో పులి, వీధిలో పిల్లి అనే మాట లెక్కలమ్మని చూసే పుట్టిందని అత్తగారి నమ్మకం. ఆవిడ గణితంలో పెద్ద చదువు చదివింది, మంచి మార్కులతో. కాలేజీలో లెక్చరరు కావాలన్నది పెళ్ళికి ముందు నుంచీ ఉన్న కోరిక. ట్యూషన్‌కి వచ్చేవాళ్ళు పరీక్ష భయంతో వస్తారు, పరీక్ష కాగానే పోతారు. అలా కాకుండా, పెద్ద నల్లబల్ల ముందు నిలబడి ఒక విషయాన్ని మొదటి నుంచి చివరిదాకా, ఏడాది పొడుగునా, తీరిగ్గా చెప్పాలని ఆవిడకి ఆశ. ఇంటర్వ్యూలకి వెళ్ళేది. నలుగురు పెద్దవాళ్ళు బల్ల అవతల కూర్చుని చూస్తుంటే నోట్లో నాలుక పిడచగట్టుకుపోయేది. వచ్చిన జవాబు కూడా వచ్చినట్టే వెనక్కి పోయేది. వెళ్ళిన ప్రతిచోటా అదే కథ. ఇప్పుడు ఊళ్ళో కాలేజీలో ఒక ఖాళీ పడింది. ఈ ఏడాది దాటితే ఆవిడకి వయసు మీరిపోతుంది, దరఖాస్తు పెట్టే అర్హతే ఉండదు. ఇదే ఆఖరు అవకాశమని ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ, వారం రోజులు ఇంట్లో కూర సరిగ్గా కుదరలేదు.

పిలుపు వచ్చాక అత్తగారు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఇంటర్వ్యూలో ఒక పాఠం చెప్పి చూపించమంటారట, తనకి చెప్పి చూపించమంది. "నాకు ఒకట్లూ రెళ్ళూ తప్ప ఇంకేం రావు. నా మొహం చూస్తూ చెప్పగలిగితే ఇంకెవరి మొహమైనా నీకు లెక్కా?" అంది. లెక్కలమ్మ మొదలుపెట్టింది. వేగం సున్నా అయ్యేలోపే అత్తగారికి గురక పట్టింది. ఆ తరవాత కోడలు ఎంత గొప్పగా చెప్పిందో చెప్పలేం. గురక పెట్టేవాళ్ళ ముందు ఆవిడకి ఎప్పుడూ భయం లేదు.

ఇంటర్వ్యూ రోజున ఆయన పని మానుకుని భార్యని కాలేజీకి తీసుకెళ్ళాడు. అది పాతకాలపు రాతి భవనం. నాలుగు వైపులా గదులు, మధ్యలో పైకప్పు లేని పెద్ద ఆవరణ, పైన ఒకటే అంతస్తు, దాని చుట్టూ వరండా. ఇంటర్వ్యూ ఆ పై అంతస్తులో. మెట్లు చూసి ఆయన కిందే ఆగిపోయాడు. ఆవిడ ఒక్కతే ఎక్కింది.

గదిలో బల్ల అవతల ముగ్గురున్నారు. మధ్యలో మందపాటి కళ్ళద్దాల పెద్ద మేడమ్, ఆ శాఖకి అధిపతి. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు ఉన్నారని వినికిడి. కుడివైపు పెన్నుతో బల్ల మీద టకటకలాడించే పెద్దమనిషి. ఎడమవైపు ఒక కుర్ర లెక్చరరు, పాఠాలన్నీ ఫోనులో వీడియో తీసే బాధ్యత అతనిది. పాఠం మీ ఇష్టమన్నారు. లెక్కలమ్మ ఇంకేం ఎంచుకుంటుంది? నల్లబల్ల మీద ఎత్తుకి సమీకరణం రాసింది. రాయడం వరకూ బాగానే ఉంది. ఇటు తిరిగి నోరు తెరిచేసరికి గొంతు ఎండిపోయింది. రెండు వాక్యాలు ఎలాగో పైకి వచ్చాయి, మూడోది సగంలో ఆగింది. పెద్దమనిషి పెన్ను టకటక ఆపి, వస్తువు పైచివర ఉన్నప్పుడు దాని త్వరణమెంతో చెప్పమన్నాడు. ఏటేటా తను అడిగే ప్రశ్నే. సబ్బు బిళ్ళల మీద నిరూపించిన జవాబే. అది నాలుక చివరిదాకా వచ్చి ఇరుక్కుంది. ఆయన కాసేపు చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

అయిపోయిందనుకుంది లెక్కలమ్మ. ఆ మొహాలు చూడలేక వరండావైపు చూపు తిప్పింది. తలుపులోంచి కింద ఆవరణ కనిపించింది. మధ్యలో భర్త నిలబడి ఉన్నాడు. భార్య ఏ గదిలో ఉందో తెలియక ఊరికే పైకి చూస్తున్నాడు, సాయంత్రంపూట ఇంటి ముందు నిలబడి చూసినట్టే. ఆ తల ఎత్తడం చూడగానే ఆవిడ చేతులు వాటంతటవే ముందుకి రాబోయాయి. ఇరుక్కున్న గొంతులోంచి ఒక మాట బయటపడింది. చూపిస్తాననీ, ఒక్కసారి వరండాలోకి రమ్మనీ అంది.

ముగ్గురూ మొహమొహాలు చూసుకుని లేచారు. కుర్ర లెక్చరరు వీడియో తీస్తూనే వెనకాల వచ్చాడు. ఆవిడ వరండా పిట్టగోడ దగ్గర నిలబడి, చేతులు చాపి, ఏదైనా విసరమని భర్తకి చెప్పింది. ఆయన జేబులో రబ్బరు బంతి ఉంది. ఎందుకైనా మంచిదని పొద్దున్నే పెట్టుకున్నాడు, ఎందుకని అడిగితే చెప్పలేకపోయేవాడు. భార్య చేతులు చాపి నిలబడింది కాబట్టి ఇంక ఆయన ఆలోచించలేదు. విసిరాడు.

బంతి సర్రున ఆవిడ అరచేతుల ముందు నుంచి పైకి పోయింది. చూరు దాటి, ఆకాశంలోకి వెళ్ళి, అక్కడ కాసేపు ఉండి, తిరిగి అంతే జోరుగా ఆవిడ ముక్కు ముందు నుంచి దిగి ఆయన చేతుల్లోనే పడింది. లెక్కలమ్మ రెండు చేతులూ ఖాళీగా ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. పెద్దమనిషి పకాలున నవ్వాడు. గురి అమోఘం అన్నాడు. కుర్ర లెక్చరరు నవ్వాపుకోడానికి ఫోను మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కింద ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తప్పయిపోయిందన్నట్టు బంతి చేత్తో పట్టుకుని తల దించుకున్నాడు.

ఆ దించుకున్న తలని చూసేసరికి లెక్కలమ్మకి ఒళ్ళు మండింది. తనని చూసి నవ్వితే ఇన్నాళ్ళూ ఊరుకుంది. ఆ చెయ్యిని చూసి నవ్వితే ఊరుకోవడం ఆవిడ వల్ల కాలేదు. అప్పటిదాకా ఎక్కడ దాక్కుందో గానీ, ఇంట్లో మోగే గొంతు కాలేజీ వరండాలో ఖంగుమంది.

"నవ్వకండి సర్. ఆయన విసురు తప్పలేదు. నేను నిలబడ్డ చోటు తప్పు."

పెద్ద మేడమ్ ఆవిడవైపు తిరిగి, అదెలా అని అడిగింది. లెక్కకట్టి చెబుతానంది లెక్కలమ్మ. బంతి ఆయన చెయ్యి వదిలిన దగ్గర్నుంచి మళ్ళీ చేతిలో పడేదాకా ఎంతసేపు పట్టిందో వీడియోలో చూడమని కుర్ర లెక్చరర్ని పురమాయించింది. అడగలేదు, పురమాయించింది. అతను ముందుకీ వెనక్కీ జరిపి చూసి, రెండు పాయింట్ ఆరు సెకన్లన్నాడు. ఆవిడ వాళ్ళకన్నా ముందే గదిలోకి నడిచి సుద్దముక్క అందుకుంది.

వెళ్ళడానికి ఎంతసేపో రావడానికీ అంతే, కాబట్టి పైకి పోవడానికి ఒకటి పాయింట్ మూడు సెకన్లు. ఎత్తుని అవకలనం చేస్తే వేగం. పైచివర ఆ వేగం సున్నా. అంటే బయల్దేరిన వేగంలోంచి భూమి ఆ ఒకటి పాయింట్ మూడు సెకన్లలో మొత్తం లాగేసుకుంది. సెకనుకి తొమ్మిది పాయింట్ ఎనిమిది చొప్పున లాగేసుకుంటే, మొదట దాని దగ్గరున్నది సెకనుకి పన్నెండు మీటర్ల ముప్పావు. దాన్ని ఎత్తు సమీకరణంలో పెట్టింది. సుద్ద బల్ల మీద చకచకా నడిచింది. ఈ వరండా దాకా నాలుగు మీటర్లుంటుందనుకుంటే, ఇక్కడికొచ్చేసరికి బంతి దగ్గర ఇంకా సెకనుకి తొమ్మిది మీటర్ల వేగం మిగిలే ఉందనీ, అందుకే తనకి చిక్కలేదనీ చెప్పింది. తనని దాటినప్పుడు వేగం ఉంది, పైచివర లేదు, దిగేటప్పుడు మళ్ళీ ఉంది. రెండోసారి అవకలనం చేస్తే మాత్రం మూడుచోట్లా ఒకటే జవాబు. భూమి ఒక్క క్షణం కూడా పట్టు వదల్లేదు. పెద్దమనిషి అడిగిన ప్రశ్నకి జవాబు అదేనని ఆయనవైపు చూసి చెప్పింది. ఆయన తలూపి, కాగితం మీద రాసుకున్నదేదో కొట్టేశాడు.

చివరికి బంతి ఎంత ఎత్తుకి పోయి ఆగిందో తేలింది. ఎనిమిదింబావు మీటర్లు. ఆ అంకె రాసి లెక్కలమ్మ తనే కాసేపు దానివైపు చూస్తూ ఉండిపోయింది. ఎంత వస్తుందో ఆవిడకి ముందే తెలుసు. తెలిసినా, దాని కింద రెండు గీతలు గీసి ఇటు తిరిగింది.

"మా ఇంటి బాల్కనీ అంత ఎత్తులో ఉంటుందండీ. మోకాళ్ళ నొప్పులు కదా, సామాను అక్కడికి విసురుతారు, నేను అందుకుంటాను. ఇవాళ కూడా అక్కడికే విసిరారు," అంది.

 పెద్ద మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, ఇదంతా ముందే అనుకుని చేసిన ఏర్పాటా అని అడిగింది. అవునంటే ఎంత గొప్పగా ఉండేదో లెక్కలమ్మకి తెలియకపోలేదు. లేదంది. తన చేతుల్లోకే వస్తుందనుకున్నాననీ, దాటిపోయాక గానీ సంగతి తనకీ తట్టలేదనీ చెప్పింది. కింద కూర్చోండి, పిలుస్తామన్నారు.

మెట్ల మొదట్లో ఇద్దరూ కూర్చున్నారు. ఆయన తెచ్చిన రొట్టె ఇద్దరి మధ్యా అలాగే ఉంది. ఆయన మొహం చూడలేకుండా ఉంది. కుదిరిన దగ్గర్నుంచీ ఒక్క రోజు కూడా తప్పని చెయ్యి ఈ ఒక్క రోజే తప్పిందనీ, ఆఖరు అవకాశం తన మూలంగా పోయిందనీ కుమిలిపోతున్నాడు. ఆవిడ బల్ల మీద వచ్చిన అంకె చెప్పింది. ఆయనకి అంకెలతో పనిలేదు గానీ, ఎనిమిదింబావు అనే మాట గుమ్మంలో కూర్చుని ఏటేటా విన్నదే.

"అయితే నేను సరిగ్గానే విసిరానా?" అన్నాడు.

సరిగ్గానే విసిరారని ఆవిడ అంది. అప్పుడు రొట్టె తిన్నారు.

మధ్యాహ్నం ఇద్దర్నీ పైకి రమ్మని కబురొచ్చింది. ఆయన్ని కూడా ఎందుకో అర్థం కాలేదు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టునీ బతిమాలుకుంటూ ఆయన ఎక్కి వచ్చేసరికి, పెద్ద మేడమ్ చెప్పాల్సింది చెప్పేసింది. ఉద్యోగం లెక్కలమ్మదే, కొత్త తరగతులు మొదలవగానే చేరాలి. ఆవిడ అలాగేనండి అంది. ఇంకేం అనడానికి తోచక మళ్ళీ అలాగేనండి అంది. గుమ్మంలో ఆయన ఆయాసపడుతూ, ఉద్యోగం మాట చెవిన పడి, తలుపు రెక్క ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

పెద్ద మేడమ్ ఆయన్ని చూసి నిజంగానే నవ్వింది. కలనగణితం మొదలయ్యే రోజున ఏటా ఈ పాఠం ఈ వరండాలోనే చెప్పించాలని ఉందనీ, ఆ రోజుకి ఆయన కూడా రావాలనీ అంది. కాకపోతే ఒక చిన్న కోరిక. బంతి లెక్కలమ్మ చేతిలో ఆగితే పాఠం ఇంకా బాగుంటుంది కదా, నాలుగు రోజులు ఖాళీ చేసుకొచ్చి ఈ వరండా ఎత్తుకి విసరడం అలవాటు చేసుకోమంది. ఆవరణ సాయంత్రాలు ఖాళీగానే ఉంటుందట.

భార్యకి ఉద్యోగం ఇచ్చిన మనిషి అడిగింది. కాదనడం ఎలాగో ఆయనకి తెలియలేదు. చెయ్యి ఒకసారి చూసుకుని నెమ్మదిగా అన్నాడు.

"ఏమీ అనుకోకండి మేడమ్. ఇంకేదైనా చెప్పండి, చేస్తాను. ఈ చెయ్యి ఇక్కడికి అలవాటు పడిందంటే, ఇంటి దగ్గర ఈవిడకి అందదు."

ఉద్యోగం వచ్చిందన్నప్పుడు రాని ఏడుపు లెక్కలమ్మకి అప్పుడొచ్చింది.